నిండుకుందన్న మాట

ఏలూరులో పెళ్లి భోజనం చేసినవాళ్లకి వెంకటనరసమ్మ గారు తెలిసే ఉంటారు, పేరు తెలియకపోయినా సరే. మీరు బంతిలో కూర్చుని తింటుంటే, ఎదురుగా నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడి, "ఏవండీ, ఆ చివర పెద్దాయనకి పప్పు అందలేదు, చూడండి" అని వడ్డనవాళ్లని అదిలిస్తూ ఉంటుందే, ఆ పొడుగాటి మనిషి, ఆవిడే. ఆవిడ నవ్వదు. వడ్డన చేసేవాళ్లు నవ్వితే సాంబారు తొణుకుతుందని ఆవిడ అభిప్రాయం.

నాది షామియానాలూ కుర్చీలూ వంటగిన్నెలూ అద్దెకిచ్చే వ్యాపారం. పవర్‌పేటలో కొట్టు. ఫలానా పెళ్లి ఎలా జరిగిందని పెళ్లివాళ్లని అడిగే అలవాటు నాకు లేదు. బంతులు లేచాక గిన్నెల్లోకి తొంగి చూస్తే తెలిసిపోతుంది. మా జిల్లాలో పెళ్లిళ్లన్నీ బ్రహ్మాండంగానే జరుగుతాయి. గిన్నెల్లో ఎప్పుడూ సగానికి తగ్గకుండా మిగులుతుంది. అన్నం పారబోసేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఆ గిన్నెలు కడిగించుకోవాల్సింది నువ్వు గనక నీకు మంట అంటారు మావాళ్లు. అదీ నిజమే. కాని అదొక్కటే కాదు.

వెంకటనరసమ్మ గారు పుట్టింది కొల్లేటి మధ్యలో ఒక లంకలో. నాన్న చేపలు పట్టేవాడు. తర్వాత ఎవరి చెరువుకో కాపలా ఉండేవాడు. పెళ్లి చేసి తాడేపల్లిగూడెం పంపారు. మొగుడు వంటమేస్త్రి. అత్తిలి నుంచి నిడదవోలు దాకా ఆయన పనసపొట్టు కూర తినని పెద్దమనిషి లేడు. ఆయన మాత్రం ఇంటికొచ్చి మజ్జిగన్నం తినేవాడు. పగలల్లా వాసన చూసిన కూర రాత్రికి నోట పెట్టబుద్ధి కాదనేవాడట. ఆయన షుగరు జబ్బుతో పోయాక ఈవిడ ఏలూరు వచ్చి వడ్డనలో చేరింది. మొదట మంచినీళ్లు, తర్వాత అప్పడాలు, తర్వాత పప్పు, అలా మెట్టు మెట్టుగా ఎక్కి, ఇప్పుడు ఏ గరిటె పట్టుకోకుండా అన్ని గరిటెలనీ శాసిస్తోంది.

ఆవిడ దగ్గర పనిచేసేవాళ్లకి ఒకటే నియమం. బంతిలో "అయిపోయింది" అన్న మాట వినపడకూడదు. "లేదు" అసలే అనకూడదు. ఇది ఆవిడ కనిపెట్టిందేం కాదు. మా వైపు దీపం ఆరిపోదు, కొండెక్కుతుంది. మంగళసూత్రం తెగదు, పెరుగుతుంది. ఇంటికొచ్చిన చుట్టం వెళ్లడు, వెళ్లొస్తాడు. అలాగే ఇంట్లో బియ్యం అయిపోవు, నిండుకుంటాయి. డబ్బా అడుగు గీకి చూపిస్తూ కూడా నిండుకున్నాయనే అంటాం. తెలిసినవాళ్లకి తెలుస్తుంది. వెంకటనరసమ్మ గారు దీన్ని వాళ్లమ్మ దగ్గర నేర్చుకుంది. ఆ చెడ్డ మాట ఇంట్లో ఒకసారి అంటే అది ఇక బయటికి పోదని వాళ్లమ్మ నమ్మకం. ఒకసారి అప్పడాలు వేసే ఆయన, నలభై ఏళ్లు దాటిన మనిషి, నిండు బంతిలో "అప్పడాలు అయిపోయాయ్!" అని కేక పెట్టాడు. ఆ పెళ్లిళ్ల సీజనంతా ఆయన గ్లాసులు కడిగాడు.

ఇక రెండో మాట "చాలు". ఈ మాట గురించి బయటివాళ్లకి కాస్త చెప్పాలి. గోదావరి జిల్లాల్లో చాలండీ అంటే బేరం మొదలైందని అర్థం. మొదటిసారి చాలంటే ఒక బూరె వెయ్యాలి. రెండోసారి చాలంటే ఇంకో రెండు. రెండు చేతులూ ఆకు మీద అడ్డం పెడితే వేళ్ల సందుల్లోంచి నెయ్యి పొయ్యాలి. తినేవాడు "అయ్యయ్యో" అనాలి. వేసేవాడు "ఏం తిన్నారండీ మీరు" అనాలి. ఆకు ఖాళీ చేసి లేచారంటే వాళ్లకి సరిగ్గా పెట్టలేదని లెక్క. పిల్లనిచ్చినవాళ్లకి అంతకన్నా తలవంపులు లేవు. కాబట్టి మర్యాద తెలిసిన ప్రతి మనిషీ గౌరవప్రదమైన గుట్ట ఒకటి ఆకులో వదిలి లేస్తాడు.

ఆ గుట్టలూ, గిన్నెల్లో మిగిలిందీ కలిపి నీలం డ్రమ్ముల్లో పోస్తారు. కలిదిండి దగ్గర చేపల చెరువులున్న వెంకట్రాజు గారి బండి వచ్చి పట్టుకెళుతుంది. చేపలకి మొహమాటం లేదు గనక అక్కడ ఏ ఇబ్బందీ రాదు.

వెంకటనరసమ్మ గారికి ఈ డ్రమ్ములంటే పడదు. వానాకాలం కొల్లేరు పొంగినప్పుడల్లా ఆవిడ పుట్టింటి లంకకి దారి మునుగుతుంది. చెరువుల మీద కూలి పని ఆగుతుంది. ఒక్కో ఇంట్లో పొయ్యి నీళ్లలో ఉంటుంది. ఇక్కడ డ్రమ్ములు, అక్కడ తమ్ముడి పిల్లలు. రెండూ ఒకే రోజు చూసిన మనిషికి బంతిలో నిలబడి వడ్డన చేయించడం ఎంత కష్టమో నేను ఊహించగలను. ఆవిడ మాత్రం దాని గురించి ఎప్పుడూ ఏడవలేదు. "డ్రమ్ములో పొయ్యకముందు నాకు చెప్పండి, గిన్నెలో మిగిలింది మాకు కావాలి" అని ప్రతి పెళ్లివాళ్లనీ అడగడం మొదలుపెట్టింది. కొందరు సరే అన్నారు. కొందరు, పెళ్లి అన్నం ఎవరెవరో తింటే దిష్టి అన్నారు. చేపల దిష్టి సంగతి వాళ్లు ఆలోచించినట్టు లేదు.

జనానికి నాలుగు మంచి మాటలు చెబితే వింటారని ఆవిడకి నమ్మకం. అందుకని భోజనాల హాలు గుమ్మంలో ఫ్లెక్సీ కట్టిద్దామంది. నేనే వేయించాను. "తినగలిగినంతే పెట్టించుకోండి, అన్నం పారెయ్యకండి" అని రాసిచ్చాను. ఫ్లెక్సీ వేసేవాడు ఆవిడ ఫొటో కూడా అడిగాడు. వాడు బతుకంతా నాయకుల పుట్టినరోజులకి వేసినవాడు. చెయ్యి అలవాటు పడిపోయింది. ఆవిడ బొమ్మ గుమ్మమంత, చుట్టూ పూలదండ, కింద మూలన ఎక్కడో అన్నం సంగతి. ఆ రోజు భోజనానికొచ్చిన పెద్దవాళ్లు చాలామంది ఆవిడ దగ్గర ఆగి, పుట్టినరోజు శుభాకాంక్షలు చెప్పి, లోపలికెళ్లి మామూలుగా ఆకుల్లో వదిలేసి పోయారు. ఆవిడ అందరికీ దణ్ణం పెట్టింది. సాయంత్రం ఫ్లెక్సీ విప్పి నాకిచ్చి, "దీన్ని మీ సామాను మీద కప్పుకోండి, వానకి పనికొస్తుంది" అంది.

మొన్నటి శ్రావణంలో అఖిల అనే అమ్మాయి పెళ్లి జరిగింది. ఆడపెళ్లివారిది ఏలూరే. పెళ్లికొడుకువాళ్లు అత్తిలి నుంచి బస్సుల మీద వచ్చారు. అప్పటికి కొల్లేరు పొంగి ఉంది. లంకలో జనం బడి డాబా మీదకి చేరారని కబురు తెలిసింది. వెంకటనరసమ్మ గారు ముందురోజే పెళ్లికూతురి తండ్రితో మాట్లాడింది. రెండో బంతి అయ్యాక గిన్నెల్లో మిగిలిందంతా లంకకి పంపుకోవచ్చని ఆయన ఒప్పుకున్నాడు. మస్తాన్ అని నా గిన్నెలు తోలే ట్రాలీ ఆటో అబ్బాయి, గట్టు దాకా తీసుకెళతానన్నాడు. అక్కడి నుంచి పడవ. ఇక మిగిలింది ఒకటే పని. ఎంతమందికి కావాలో లంకలో ఉన్న తమ్ముడి భార్య సుబ్బలక్ష్మిని ఫోన్లో అడగాలి.

వడ్డన జరుగుతున్నంతసేపూ వెంకటనరసమ్మ గారు ఫోను ముట్టుకోదు. చేతులు తడి. అందుకని ఆ ఫోను శాలిని అనే అమ్మాయికిచ్చింది. ఈ అమ్మాయి క్యాటరింగు వాళ్ల మేనేజరు. పుట్టింది ఏలూరే గాని పెరిగిందంతా హైదరాబాదు హాస్టళ్లలో. చురుకైన పిల్ల. చెప్పిన పని మర్చిపోదు. ఈ కథలో చిక్కు అక్కడే వచ్చింది.

రెండో బంతి లేచింది. అత్తిలి బస్సుల్లో రెండు, రైలు గేటు దగ్గర ఇరుక్కుని అప్పుడే దిగాయి. వాళ్లకి మూడో బంతి వేస్తున్నారు. నేను గిన్నెలు చూసుకుందామని వెనక వంటశాలలోకి వెళ్లాను. వెంకటనరసమ్మ గారు మంచినీళ్ల జగ్గుతో అటే వచ్చింది.

"ఫోన్ చేశావా అమ్మా?" అని అడిగింది శాలినిని.

"చేశానండి. వద్దన్నారండి."

"ఏం వద్దు?"

"ఫుడ్ వద్దన్నారండి. అక్కడ ఫుల్‌గా ఉందట."

వెంకటనరసమ్మ గారు జగ్గు బల్ల మీద పెట్టింది. "ఎవరన్నారు?"

"మీ మరదలుగారేనండి. ఇంట్లో రైస్ అవీ ఉన్నాయా అండి అని అడిగాను. అన్నీ నిండుకున్నాయండి అన్నారు. మొన్నటినుంచీ నిండుకున్నాయి అన్నారు. ఇంతలో సిగ్నల్ పోయింది. సరే, అన్నీ నిండుగా ఉన్నాయి కదా, వేస్ట్ కాకూడదని మిగిలింది రాజుగారి బండికి ఇచ్చేశానండి."

వంటశాలలో పాత్రలు తోముతున్న ఆడవాళ్లు తోమడం ఆపేశారు. నాకు శాలిని మీద ఇంత కోపం వచ్చింది. ఆ వెంటనే పోయింది. ఆ పిల్ల తప్పేముంది? నిండుకుందంటే నిండిందనే ఏ పుస్తకం చదివినవాడైనా అనుకుంటాడు. తప్పంతా మనది. లేనిదాన్ని ఉన్నట్టు చెప్పుకుని తృప్తిపడే జాతి మనది.

వెంకటనరసమ్మ గారు ఆ పిల్లని ఏమీ అనలేదు. "నిండుకుందంటే డబ్బా అడుగు కనబడిందని అమ్మా" అంది, అప్పడం ఎలా వేయించాలో చెప్పినట్టు. శాలిని గబగబా ఫోను తీసి బండివాణ్ణి పిలవబోయింది. నేనే వద్దన్నాను. డ్రమ్ముల్లో ఆకుల ఎంగిలితో కలిసిపోయాక ఆ అన్నం తిరిగొచ్చినా ఒకటే, రాకపోయినా ఒకటే.

ఇక మిగిలింది మూడో బంతికి ఉంచిన వంట. అది అత్తిలివాళ్లది. మొగపెళ్లివారిది. పొయ్యిల పక్కన గిన్నెలు వరసగా ఉన్నాయి. అన్నం, ముద్దపప్పు, వంకాయ కూర, దప్పళం, బూరెలు. వాళ్లు తినేదానికి రెట్టింపు. సగం తినడానికి, సగం మర్యాదకి. వెంకటనరసమ్మ గారు ఆ గిన్నెల వంక చూసింది, హాలు వంక చూసింది. చీర కొంగుతో చేతులు తుడుచుకుని హాల్లోకి నడిచింది. నేను వెనకాలే వెళ్లాను. ఏం చేస్తుందోనని భయం వేసింది.

పంతులుగారు మంత్రాలు చదివిన చేతి మైకు మూల బల్ల మీద ఉంది. ఆవిడ దాన్ని గరిటె పట్టుకున్నట్టు పట్టుకుంది.

"అయ్యలారా, అమ్మలారా. నేను వడ్డన మనిషినండి. మాది కొల్లేట్లో లంకండి. మా పుట్టింటి దారి నీళ్లలో ఉందండి. అక్కడ అన్నం..."

ఆగింది. ఆ మాట ఆ నోట ఎన్నడూ పలకలేదని నాకు తెలుసు. మొగుడు పోయిన రోజు కూడా "ఆయన లేరు" అనలేదుట, "ఆయన వెళ్లిపోయారు" అందిట.

"అక్కడ అన్నం లేదండి" అంది.

హాల్లో ఎక్కడి గరిటెలు అక్కడే ఆగిపోయాయి. అప్పడాలాయన బుట్ట పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. ఆవిడ తొందరగా మిగతాది చెప్పేసింది. "మీకోసం వండింది ఉందండి. కడుపునిండా తినండి, ఎన్నిసార్లు అడిగితే అన్నిసార్లు వేస్తాం. మీరు చాలు అంటే మాత్రం మావాళ్లు ఆపేస్తారండి. ఆకులో వదిలేద్దామనుకున్నది మా గిన్నెలోనే వదిలేయండి. అదే పంపుకుంటామండి."

పెళ్లికొడుకు మేనమామ ప్రసాదరావు గారు లేచారు. అత్తిలిలో ఆయనకి బోలెడు భూమి, దానికి తగ్గ గొంతు.

"ఏవండీ! శుభమా అని పెళ్లి జరుగుతుంటే మైకులో లేదు అనే మాటేంటండీ? ఎవరండీ ఈవిడ?"

పెళ్లికూతురి తండ్రి పరుగెత్తుకొచ్చాడు. చెమటలు కారిపోతున్నాయి. చేతులు జోడించాడు. పాపం, శాలిని ఊరుకోలేకపోయింది. తప్పు నాదేనండి, ఫోన్ చేస్తే నిండుకుందన్నారు, ఫుల్ అనుకున్నానండి అంది. నిజం చెప్పడానికి అంతకన్నా అధ్వాన్నమైన సమయం దొరకదు.

"అదిగో విన్నారా! ఆవిడే నిండుగా ఉందన్నాక మళ్లీ ఈ గోలేంటండీ?" అన్నారు ప్రసాదరావు గారు, నిండుకోవడమంటే తనకి తెలియనట్టు. "బస్సు దిగి ఇప్పుడే కూర్చున్నాం, మావాళ్లకి తక్కువ పెట్టడానికి ఇదొక వంకా? మా గుమ్మంలో అడుక్కునేవాళ్లకి కూడా ఇంతకన్నా మర్యాదగా పెడతామండీ!"

"తక్కువ కాదండీ, బాబూ..." అంది వెంకటనరసమ్మ గారు.

"ఏదీ, ఆ లంకావిడ చేతే చెప్పించండి. లేదని ఆవిడ నోటితో అంటే, నేను పెరుగన్నంతో లేస్తాను. అనకపోతే మాకు జరగాల్సిన మర్యాద జరగాలి."

శాలిని మళ్లీ ఫోను కలిపింది. ఎంతసేపటికో అటువైపు ఎత్తారు. గాలి హోరు వినపడుతోంది. డాబా మీద నిలబడినట్టున్నారు. వెంకటనరసమ్మ గారు ఫోనుని మైకు దగ్గర పెట్టింది. ప్రసాదరావు గారే ముందుకొచ్చి మాట్లాడారు.

"అమ్మా, నేను అత్తిలి నుంచండి. ఇక్కడ పెళ్లికొడుక్కి మేనమామని. మిమ్మల్ని ఓ మాట అడగాలి."

"పెళ్లా అండి?" అంది సుబ్బలక్ష్మి. నీరసంగా ఉంది గొంతు. హాలంతా వినపడుతోందని ఆవిడకి తెలియదు. "మా వదినగారు వడ్డిస్తున్న పెళ్లేనాండి? తలంబ్రాలు అయ్యాయాండి?"

"అయ్యాయమ్మా."

"వాన పడలేదు కదండీ అక్కడ?"

"లేదమ్మా, పడలేదు. అమ్మా, మీ ఇంట్లో అన్నం ఉందా, లేదా? ఉన్నదున్నట్టు చెప్పండి."



"పిల్లలిద్దరూ ఇవాళే కొత్తగా ఒకింటివాళ్లయ్యారు" అంది సుబ్బలక్ష్మి. "పెళ్లిపందిట్లోకి ఫోన్లో ఆ మాట ఎలా అంటానండీ? మంచిది కాదండి. నిండుకుందండి మాకు."

"ఎప్పటినుంచమ్మా?"

"మొన్న పొద్దుటినుంచండి. బాగా నిండుకుందండి. పర్లేదులెండి, మీరు భోజనాలు కానివ్వండి, ఆలస్యమైపోతుంది."

ఆ బంతిలో కూర్చున్నవాళ్లలో ముప్పాతిక మంది వరి పండించేవాళ్లు. వాళ్లకి ఎవరూ అర్థం చెప్పనక్కర్లేదు. ఒక ముసలావిడ తన ఆకు వంక చూసుకుంటూ "అయ్యో తల్లీ" అంది. శాలిని గోడవైపు తిరిగి ఏడుస్తోంది. నాకూ ఏడుపొచ్చింది. రెండు రోజులుగా తిండి లేని మనిషి, ముక్కూ మొహం తెలియని ఎవరి పెళ్లికో కీడు తగలకూడదని నోరు కట్టుకుంది. ఇక్కడ మేం మాత్రం మర్యాద గురించి కొట్టుకుంటున్నాం.

ప్రసాదరావు గారు వెళ్లి తన ఆకు ముందు కూర్చున్నారు. "వడ్డించండి" అన్నారు.

అన్నం వేశారు. పప్పు వేశారు. ఒక బూరె వేశారు. ఆయన చెయ్యి అడ్డం పెట్టి "చాలు" అన్నారు. వడ్డించేవాడి చెయ్యి అలవాటుగా రెండో బూరెతో ముందుకొచ్చింది.

"చాలన్నానా లేదా!" అని ఉరిమారు ప్రసాదరావు గారు. వాడు బూరెని గిన్నెలో పెట్టేసి బతుకుజీవుడా అని పక్క ఆకుకి వెళ్లాడు.

అంత నిశ్శబ్దంగా జరిగిన బంతిని నేను చూడలేదు. ఏం అనాలో ఎవరికీ తెలియలేదు. పుట్టినప్పటినుంచీ అంటున్న మాటకి ఉన్నట్టుండి అర్థం వచ్చేస్తే ఎవరికైనా కష్టమే. ఒకాయన మొదటి గరిటెకే మొహమాటానికి చాలనేశాడు. వడ్డనవాడు వెళ్లిపోయాడు. ఆయన ఆ వెళ్లేవాడి వీపు వంక చాలాసేపు చూసి, చివరికి వెంకటనరసమ్మ గారిని పిలిచి, "ఏవండీ, నాకు ఆకలిగా ఉందండి" అన్నాడు, తప్పు చేసినవాడిలా. ఆవిడే స్వయంగా అన్నం గిన్నె తెచ్చి పెట్టింది. ఆయన అడిగినంతా పెట్టింది. మొగపెళ్లివారిలో ఇద్దరు ముగ్గురు మాత్రం మొహాలు మాడ్చుకుని, అడగనిదే వడ్డించని పెళ్లికి ఇంకోసారి పిలిచినా రామని విసుక్కుంటూ లేచారు. అందరూ మారిపోయారని నేను చెప్పను.

బంతి లేచాక ఆకులు చూశాను. కరివేపాకూ, వంకాయ తొడిమెలూ తప్ప వాటిలో ఏమీ లేదు. వంటశాలలో గిన్నెలు సగానికి పైగా ఉన్నాయి.

మస్తాన్ ఆటోలో గిన్నెలన్నీ ఎక్కించాం. నేను కూడా ఎక్కాను. గిన్నెలు నావి కదా, పోతే కష్టమని అందరితో అన్నాను. ఎవరూ నమ్మినట్టు లేదు. దారిలో వెంకటనరసమ్మ గారు దప్పళం గిన్నె మూత మీద చెయ్యి వేసి కూర్చుంది. గట్టు దగ్గర రోడ్డు నీళ్లలోకి దిగిపోయింది. అక్కడ పడవ ఎక్కాం. ఎటు చూసినా నీళ్లే. చెరువు గట్లన్నీ మునిగి, ఎవరి చేపలు ఎవరివో తెలియకుండా కొల్లేరు మళ్లీ ఒకటైపోయింది.

బడి డాబా మీద జనం లేచి నిలబడ్డారు. ముందు పిల్లలకి పెట్టారు. వెంకటనరసమ్మ గారే వడ్డించింది. తర్వాత ముసలివాళ్లకి. సుబ్బలక్ష్మి అందరికీ నీళ్లు అందించి, చివరికి తనూ ఒక కంచం పట్టుకుని కూర్చుంది. సన్నగా, చిన్నగా ఉంది మనిషి. అన్నంలో చెయ్యి పెట్టబోయి ఆగింది.

"పెళ్లికూతురు భోంచేసిందా అండి?" అని అడిగింది నన్ను.

నేను వెంకటనరసమ్మ గారి వంక చూశాను. ఆవిడ నా వంక చూసింది. మా ఇద్దరికీ ఆ సంగతే తట్టలేదు. పెళ్లికూతురు ముందురోజు రాత్రి నుంచి ఉపవాసం. మేం వచ్చేస్తుంటే స్టేజీ మీద ఫొటోలు దిగుతోంది.

"తినే ఉంటుందిలే, నువ్వు తిను" అంది వెంకటనరసమ్మ గారు.

"ఆ పిల్ల పెళ్లన్నం వదినా. తను తినకుండా నేనెలా తింటాను, కనుక్కోండి" అంది సుబ్బలక్ష్మి. కంచం ఒళ్లోనే ఉంది. చెయ్యి మాత్రం తీసేసింది.

శాలినికి ఫోన్ చేశాను. స్పీకరు పెట్టాను. ఆ పిల్ల వెళ్లి చూసొచ్చి, "లేదండి, తినలేదు, ఇంకా ఫొటోలు అవుతున్నాయి" అంది. ఇక నాకు పట్టలేని కోపం వచ్చింది. ఎవరి మీదో నాకే తెలియదు. కెమెరా లాక్కోమన్నాను. లైట్లు తీసేయమన్నాను. ఆ లైట్లు నేను అద్దెకిచ్చినవే. ఫోన్లో కుర్చీలు జరిపిన చప్పుడు, ప్రసాదరావు గారి గొంతు, ఎవరో పరుగెత్తడం వినపడ్డాయి. కాసేపటికి ఒక ఆడపిల్ల గొంతు వచ్చింది. నోటినిండా అన్నం ఉన్నట్టుంది.

"తింటున్నానండి, అత్తా. మీరూ తినండి."

"సంతోషం తల్లీ" అంది సుబ్బలక్ష్మి.

కంచం దగ్గరికి లాక్కుంది. మా వైపు ఎంత లేనివాళ్లయినా, ఎదుట మనిషి ఉంటే "మీరు తిన్నారాండి, రండి" అనకుండా ముద్ద ఎత్తరు. ఆవిడ అనలేదు. మా వంక చూడలేదు. తల వంచుకుని, రెండు చేతులతో, ఊపిరి తీసుకోకుండా తింటోంది. వెంకటనరసమ్మ గారు గరిటె పట్టుకుని ఆవిడ పక్కనే కూర్చుని, అడగకుండా ఇంకో ముద్ద అన్నం వేసింది.